థియరీ సరే... ఆధారం ఏదీ?

డిటెక్టివ్ సిరీస్ చూసి ‘నా థియరీ ఏంటంటే...’ అని వాదించుకోవడం సరదానే. ఆ అలవాటే ఒకచోట ఉద్యోగం తెచ్చిపెడుతుంది. ఇంకోచోట ఒకరి పొట్ట కొడుతుంది. నేను రెండూ చూశాను.

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?

ఇప్పుడు అడిగితే మీరు నవ్వుతారు. కానీ 2015 జులై 10న మొదటి భాగం వచ్చిన దగ్గర్నుంచి 2017 ఏప్రిల్ 28న రెండోది వచ్చేదాకా ఈ ప్రశ్న వినపడని టీ కొట్టు మన రాష్ట్రాల్లో లేదు. మీరూ ఏదో ఒక థియరీ చెప్పే ఉంటారు. అది తప్పయినా ఎవరికీ నష్టం లేదు. రెండో రోజు టికెట్ కొనుక్కుని సమాధానం చూసేశాం, అయిపోయింది.

మా హాస్టల్లో అంతకన్నా ముందే ఒక ప్రశ్న నలిగింది. షెర్లాక్ ఎలా బతికాడు?

పెన్‌డ్రైవ్‌లో లండన్

2013లో నేను తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ ఫస్టియర్. ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో బీబీసీ ‘షెర్లాక్’ రెండు సీజన్లు దొరికాయి. అలా కాపీలు చూడటం తప్పేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మా దగ్గర డబ్బులూ లేవు, బుద్ధీ లేదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్థర్ కోనన్ డాయిల్ పాత షెర్లాక్ హోమ్స్‌ని స్మార్ట్‌ఫోన్ల కాలపు లండన్‌కి తెచ్చిన సిరీస్ ఇది. స్టీవెన్ మోఫాట్, మార్క్ గేటిస్ తయారుచేశారు. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ షెర్లాక్, మార్టిన్ ఫ్రీమన్ డాక్టర్ వాట్సన్. 2010లో మొదలైంది. సీజన్‌కి మూడే ఎపిసోడ్లు, ఒక్కోటి గంటన్నర. మాలో సగం మంది తెలుగు మీడియం. సబ్‌టైటిల్స్ చదవడానికి పాజ్ చేసుకుంటూ చూస్తే ఒక్కో ఎపిసోడ్ రెండున్నర గంటలు పట్టేది.

2012 జనవరి 15న ప్రసారమైన రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో షెర్లాక్ లండన్‌లోని బార్ట్స్ ఆస్పత్రి మేడ మీద నుంచి దూకేస్తాడు. కింద రక్తం. వాట్సన్ చెయ్యి పట్టుకుని చూస్తే నాడి లేదు. సమాధి కూడా కట్టేస్తారు. ఆఖరి షాట్‌లో ఆ సమాధిని దూరం నుంచి చూస్తూ నిలబడి ఉంటాడు షెర్లాక్!

సమాధానం కోసం ప్రపంచమంతా దాదాపు రెండేళ్లు ఆగింది. దూకింది అతనేనా? అక్కడున్న చెత్త లారీ ఎందుకు? సరిగ్గా అప్పుడే వాట్సన్‌ని సైకిల్‌తో గుద్దినవాడెవడు? అంతకుముందు సీన్‌లో షెర్లాక్ ఆడుకుంటున్న రబ్బరు బంతి సంగతేంటి?

ఇది కొత్త పిచ్చేం కాదు. 1893లో డాయిల్ తన కథలో హోమ్స్‌ని జలపాతంలోకి తోసి చంపేస్తే పాఠకులు ఊరుకోలేదు. పదేళ్లకి, 1903లో, ఆయనే మళ్లీ బతికించాల్సి వచ్చింది. మన ఇళ్లలో అడగండి, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివిన తాతయ్యలు ఆఖరి పేజీ రాకముందే హంతకుణ్ని పట్టేసేవాళ్లమని ఇప్పటికీ గొప్పలు చెబుతారు.

నా థియరీ ‘పోలిన మనిషి శవం’. నా రూమ్మేట్‌ది కైకలూరు దగ్గర పల్లె. వాళ్లకి కొల్లేటి పక్కన చేపల చెరువులున్నాయి. వాడి థియరీ ‘బంతి’: చంకలో బంతి పెట్టుకుని నొక్కితే చేతికి రక్తం ఆగి, మణికట్టు దగ్గర నాడి దొరకదట. మ్యాథ్స్ నోట్‌బుక్ వెనక పేజీల్లో అందరి థియరీలూ రాశాం. నేను ఒక్కొక్కటీ నటించి చూపించేవాణ్ని. వాడు మాత్రం ప్రతిసారీ ఒకటే అడిగేవాడు.

“ఒరేయ్, బానే ఉంది. ఇది తప్పయితే ఎలా తెలుస్తుందిరా?”

నాకు చిరాకేసేది. ఎంజాయ్ చేయనివ్వడేంటి వీడు అనిపించేది.

2014 జనవరి 1న మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ వచ్చింది. అందులో అభిమానుల థియరీలనే సీన్లుగా తీసి ఆటపట్టించారు. చివర్లో షెర్లాక్ చెప్పిన వివరణలో బంతీ ఉంది, పోలిన మనిషి శవమూ ఉంది, వీటితోపాటు పెద్ద గాలిపరుపూ ఉంది. గాలిపరుపు మా నోట్‌బుక్‌లో లేదు. అయినా బంతి వాడిదే కాబట్టి ఆ ఉదయం హాస్టల్ ఎదురు హోటల్లో పెసరట్టు ఉప్మా నా ఖాతాలో తిన్నాడు.

కనుమ రోజు దెబ్బ

అదే సిరీస్ మూడేళ్ల తర్వాత ఇంకో పాఠం చెప్పింది. 2017 జనవరి 15, మన కనుమ రోజు, నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. చాలామంది అభిమానులకి నచ్చలేదు. కథలో లొసుగులు కనిపించాయి. అక్కడ ఒక వింత థియరీ పుట్టింది: ఇంత తెలివైనవాళ్లు ఇంత పేలవంగా రాయరు, కాబట్టి ఇది కావాలని చేసిందే, అసలు ఎపిసోడ్ దాచిపెట్టారు, వచ్చే ఆదివారం వేస్తారు!

జనవరి 22న బీబీసీ వన్‌లో ‘యాపిల్ ట్రీ యార్డ్’ అనే కొత్త డ్రామా ఉంది. అది డ్రామా కాదు, రహస్య ఎపిసోడ్‌కి మారుపేరు అన్నారు కొందరు. ఆ రోజు రాత్రి వచ్చింది ‘యాపిల్ ట్రీ యార్డే’. లూయీస్ డౌటీ నవల ఆధారంగా తీసిన మామూలు థ్రిల్లర్.

నవ్వకండి, నేనూ సగం నమ్మాను. ఎందుకు నమ్మానో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ థియరీ ఎటు పోయినా గెలిచేలా ఉంది. ఎపిసోడ్‌లో తప్పు కనిపిస్తే ‘చూశావా, క్లూ!’ తయారీదారులు లేదంటే ‘దాస్తున్నారు కాబట్టే లేదంటున్నారు!’ తప్పని తేలే దారే లేని థియరీకి బలం ఎక్కువ అనుకుంటాం. నిజానికి దాని జబ్బే అది. నా రూమ్మేట్ ప్రశ్న దానికి వేసి చూడండి, జవాబు రాదు.

ఇక్కడిదాకా అంతా సరదానే. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

ఏలూరులో ఆ వారం

2020 డిసెంబరు 5, శనివారం. కొవిడ్ వల్ల వర్క్ ఫ్రమ్ హోమ్, ఏలూరులో మా ఇంట్లోనే ఉన్నాను. వన్‌టౌన్ వైపు జనం ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతున్నారని, ఫిట్స్ వస్తున్నాయని ఫోన్లు మొదలయ్యాయి. ప్రభుత్వాసుపత్రికి అంబులెన్సులు వరుస కట్టాయి. వారం తిరిగేసరికి బాధితులు 600 దాటారు. ఎక్కువమంది కొన్ని గంటల్లోనో, ఒక రోజులోనో కోలుకుని ఇంటికెళ్లారు. ఒకరు చనిపోయారు.

కారణం ఎవరికీ తెలియదు. థియరీలు మాత్రం ప్రతి ఫోన్‌లో ఉన్నాయి. తాగునీరు, బ్లీచింగ్, దోమల మందు, పాలు, చేపలు, మాస్ హిస్టీరియా, ఏది కావాలంటే అది.

నేను ఊరుకుంటానా? ఇంజినీర్ని, టెక్ బ్లాగర్ని, షెర్లాక్ అభిమానిని. మాకు తెలిసిన నాలుగు బాధిత కుటుంబాలకి ఫోన్ చేశాను. ముందురోజు ఏం తిన్నారు, ఎక్కడ కొన్నారు అని అడిగాను. నలుగురిలో ముగ్గురు మా వీధిలో తిరిగే తోపుడు బండి దగ్గర కూరగాయలు కొన్నారు. ఇంకేం కావాలి! మ్యాప్ స్క్రీన్‌షాట్ మీద ఎర్ర బాణాలు గీసి, ‘నా అనాలిసిస్’ అని పైన పెట్టి, వీధి వాట్సాప్ గ్రూపులో పడేశాను. పేరు రాయలేదు. ‘మన వీధి కూరగాయల బండి’ అన్నాను. మా వీధికి వచ్చేది ఒకటే బండి.

అరగంటలో అది నాకే వేరే మూడు గ్రూపుల నుంచి తిరిగొచ్చింది. ‘బాగా చెప్పావ్ తమ్ముడూ’ అని మెచ్చుకోళ్లు. ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను.

ఆ బండి ఒక మామ్మది. తెల్లవారుజామునే హోల్‌సేల్ మార్కెట్లో సరుకు ఎత్తుకుని, అప్పుకి రోజు వడ్డీ కట్టుకుంటూ అమ్ముకునే మనిషి. పది రోజులు ఆమె దగ్గర ఎవరూ కొనలేదు. పదకొండో రోజు మా గేటు దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

“బాబుగారూ, మీరు చదువుకున్నోరు కదండీ. నా బండిలో ఏ కూరలో ఉందో చెప్తే, అదొక్కటీ మానేసి మిగతాయి అమ్ముకుంటానండి.”

నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్ల కిందట నా రూమ్మేట్ అడిగిన ప్రశ్నే అది. కాకపోతే ఈసారి అడుగుతున్న మనిషి పొయ్యి మీద ఆ పూట ఏం ఉడుకుతుందో ఆ జవాబే తేల్చాలి.

నేను అడగని వాళ్లు

నా ‘అనాలిసిస్’లో తప్పేంటో మీకు తట్టిందా? ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి.

జబ్బు పడినవాళ్లనే అడిగాను. పడనివాళ్లని అడగలేదు. మా వీధిలో దాదాపు ప్రతి ఇంటివాళ్లూ ఆ బండి దగ్గరే కొంటారు. మా ఇంట్లోనూ అవే టమాటాలు. బాగున్నవాళ్లని అడిగితే నలుగురిలో ముగ్గురో, నలుగురికి నలుగురో ‘అక్కడే కొన్నాం’ అనేవాళ్లు. అప్పుడు నా లెక్క ఏం చెప్పినట్టు? ఏమీ చెప్పనట్టే.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో మ్యాప్ మీద మరణాలు గుర్తించి వీధి పంపుని అనుమానించాడు. ఆ కథ మనం చదువుకున్నదే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. పంపు పక్కనే ఉండి కూడా జబ్బు పడనివాళ్ల దగ్గరికీ వెళ్లాడు. ఆ వీధిలోని బీరు తయారీ పనివాళ్లు ఎందుకు బాగున్నారు? వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవాళ్లు కాదు. దగ్గర్లోని అనాథ శ్రామికుల వసతిగృహానికి కలరా ఎందుకు పెద్దగా సోకలేదు? దానికి సొంత బావి ఉంది. జబ్బు లేని చోట దొరికిన ఈ ఆధారాలే ఆయన మాటకి బలమిచ్చాయి.

మన ఏలూరుకీ అసలు డిటెక్టివ్‌లు వచ్చారు. ఎయిమ్స్, హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, నాగ్‌పుర్ నీరీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు. రక్తం, నీళ్లు, పాలు, కూరగాయలు, అన్నిటి నమూనాలూ తీసుకున్నారు. వైరస్ కాదని తేల్చి పక్కన పెట్టారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. డిసెంబరు 16న నిపుణుల నివేదికలు చూసి, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ప్రభుత్వం చెప్పింది. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చడానికి ఇంకా అధ్యయనం కావాలన్నారు. అంత పెద్ద ల్యాబులుండీ వాళ్లు ‘కావచ్చు’ అన్నారు. నాలుగు ఫోన్ కాల్స్‌తో నేను ‘అంతే’ అన్నాను.

ఆ వార్త రాగానే ఫ్రెండ్స్ మెసేజీలు: ‘పురుగుమందులంట! నువ్వు చెప్పిందే కరెక్ట్ రా!’

కాదు. నివేదికలు ఆ మామ్మ బండిని తప్పుపట్టలేదు. నా ఊహ వాళ్ల మాటకి దగ్గరగా పోయి ఉండొచ్చు. పరీక్షలో స్టెప్స్ లేకుండా ఆన్సర్ గుడ్డిగా రాసి, అది కలిస్తే మనకి సబ్జెక్టు వచ్చినట్టు కాదు కదా!

చెరువు గట్టు మీద డిటెక్టివ్

మరి థియరీని తేల్చడమంటే ఎలా ఉంటుంది? 2021 వానాకాలంలో చూశాను. మూడు రోజులు ముసురు. నా పాత రూమ్మేట్ వాళ్ల ఊళ్లో ఉన్నాను. తెల్లారకముందే చెరువు దగ్గర్నుంచి కేకలు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పెద్ద బొచ్చెలు కొన్ని అప్పటికే తేలిపోయాయి.

గట్టు మీద పదిమంది చేరారు. “పక్క చెరువోళ్లే మందు కలిపారు” అన్నారెవరో. పాత తగాదా ఉంది, కర్రలు కూడా లేచాయి. మావాడు ఎవరితోనూ వాదించలేదు. ఆక్సిజన్ మీటరు నీళ్లలో దించాడు. లీటరుకి 5 మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట 2 కూడా లేదు. తర్వాత వాళ్ల నాన్నని మూడే అడిగాడు. ఎప్పుడు మొదలైంది? తెల్లారగట్ల. ముందు ఏవి చచ్చాయి? పెద్దవి. చిన్న చేపలో? తిరుగుతూనే ఉన్నాయి.

“విషమైతే మామూలుగా చిన్నవి ముందు పోతాయి నాన్నా. ఏ వేళకైనా పోతాయి. ఆక్సిజన్ తగ్గితేనే తెల్లారగట్ల, పెద్దవి ముందు పోతాయి.”

పగలు ఎండకి నీళ్లలోని నాచు, ప్లవకాలు ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవే పీల్చుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు అది అట్టడుగుకి పడుతుంది. ముసురు పట్టి ఎండ లేకపోతే ఇంకా తక్కువ. ఏరేటర్లు తిప్పారు. ఎనిమిదింటికి చేపలు కిందికి దిగాయి. కర్రలూ దిగాయి.

గమనించండి, వాడు తన థియరీకి మద్దతు వెతకలేదు. రెండు థియరీల్లో దేనికి ఏం కనిపించాలో విడదీసే ప్రశ్న వేశాడు. అదీ పనితనం!

దీనికి జీతమిస్తారు

2016 క్యాంపస్ ఇంటర్వ్యూలో నన్నడిగారు: “మా వెబ్‌సైట్ పొద్దున్నుంచి స్లోగా ఉంది. ఏం చేస్తావ్?” టక్కున “ర్యామ్ పెంచాలి సర్” అన్నాను. “ఎందుకనుకుంటున్నావ్?” అన్నారు. నీళ్లు నమిలాను. ఆ ఉద్యోగం రాలేదు. అందరికీ స్లోగా ఉందా, కొందరికేనా? ఏ పేజీ? పొద్దున ఎన్నింటి నుంచి? దానికి ముందు ఏం మార్చారు? ఇవి అడిగి ఉంటే చాలు. వాళ్లు చూసేది జవాబు కాదు, మీ ప్రశ్నలు.

తర్వాత ఒక కంపెనీలో పనిచేస్తుండగా రోజువారీ రిపోర్టులో కొన్ని ఆర్డర్లు కనిపించలేదు. డేటాబేస్ అన్నారొకరు, పేమెంట్ గేట్‌వే అన్నారింకొకరు. అప్పుడే చేరిన టెస్టర్ అమ్మాయి ఆ ఆర్డర్లన్నీ టైమ్ ప్రకారం పేర్చింది. అన్నీ అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5.30 మధ్యవే. దాని తర్వాత ఒక్కటీ లేదు. మన టైమ్‌కీ, సర్వర్ వాడే యూటీసీ టైమ్‌కీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. అవి పోలేదు, ముందురోజు రిపోర్టులో కూర్చున్నాయి. మా వాదనలన్నీ అక్కడితో బంద్.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ప్రొడక్షన్ సపోర్ట్, డేటా అనాలిసిస్, సైబర్ ఫోరెన్సిక్స్, ఫుడ్ సేఫ్టీ ల్యాబులు, ఆక్వా ల్యాబులు, ప్రజారోగ్యం... ఇవన్నీ ఈ బుర్ర కావాల్సిన ఉద్యోగాలే. ఫోరెన్సిక్స్ మీద ఆసక్తి ఉంటే గాంధీనగర్ నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ కోర్సులు చూడండి. ఆక్వా అంటే ఇష్టమైతే నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ ఉంది, మన నరసాపురంలోనే ఫిషరీస్ యూనివర్సిటీ వచ్చింది. ఆహారం, ఆరోగ్యం వైపు వెళ్లాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పీజీ కోర్సులున్నాయి.

సిరీస్ చూస్తూనే సాధన

సిరీస్‌లు మానేయమని నేను చెప్పను. ‘దూత’, ‘వికటకవి’... తెలుగులోనూ బోలెడున్నాయి. ఈసారి చూసేటప్పుడు ఇలా చేయండి.

1. ఆఖరి 20 నిమిషాల ముందు పాజ్ చేసి, ఒకటి కాదు, మూడు థియరీలు రాయండి. ఒకటే ఉంటే దాన్ని ప్రేమించేస్తాం.

2. ప్రతి థియరీ పక్కన ‘ఇది తప్పయితే ఏం కనిపించాలి?’ అని రాయండి. ఏమీ తోచకపోతే దాన్ని కొట్టేయండి.

3. నూటికి ఎంత నమ్మకమో అంకె వేయండి. నెల తర్వాత పాత అంకెలు చూసుకోండి. మనం 90 వేసినవి ఎన్నిసార్లు తప్పాయో చూస్తే పొగరు దిగుతుంది.

4. ‘జరగనివి’ కూడా చూడండి. ఎవరు జబ్బు పడలేదు, ఏ ఆర్డర్ మాయం కాలేదు, ఏ చేప చావలేదు?

5. ఇది అన్నిటికన్నా ముఖ్యం. థియరీలో నిజం మనిషి ఉంటే, ఫార్వర్డ్ నొక్కే ముందు ఆ మనిషి మీ గేటు దగ్గర నిలబడి అడిగితే ఏం చెబుతారో ఆలోచించండి.

నేను గ్రూపులో క్షమాపణ పెట్టాను. నా మొదటి పోస్టు తిరిగినంత దూరం అది తిరగలేదు, ఎవరూ ‘బాగా చెప్పావ్ తమ్ముడూ’ అనలేదు. అమ్మ మరుసటి రోజు అందరూ చూస్తుండగా ఆమె బండి దగ్గర నిలబడి రెండు సంచుల కూరగాయలు కొంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు ఇప్పటికీ రారు.

మామ్మ ఇంకా మా వీధికే వస్తుంది. నేను సెలవుకి ఇంటికెళ్తే నా చేతికి వంకాయలిచ్చి, నవ్వుతూ అడుగుతుంది.

“ఏటి బాబుగారూ, టెస్టు చేయించాలా?”

“వద్దు మామ్మా” అంటాను. అర కిలో అడిగితే ఎప్పుడూ రెండు ఎక్కువే వేస్తుంది.